ఇలాంటివి ఇంకో ఏడు

ఆ శుక్రవారం పొద్దున టైపిస్టు వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. ఎనిమిదింటికల్లా ట్యుటోరియల్‌కు చేరుకోవాలి. ఇంగ్లీషు మాస్టారి అభ్యాసపత్రం టైపు చెయ్యాలి. దాని చివర తన మనసులో ఉన్న మాట ఒక్క వాక్యంగా పెట్టాలి. అది ఆయన చదవాలి. అంతే. ఇంతకన్నా పెద్ద పనులు మనుషులు రోజూ పళ్ళు తోముకున్నంత తేలిగ్గా చేసేస్తుంటారు. ఆవిడకు మాత్రం ఈ పని పదకొండేళ్ళుగా రేపటికి వాయిదా పడుతూ వచ్చింది. ఇక వాయిదా వెయ్యడానికి రేపు లేదు. మాస్టారు ఆ సాయంత్రం నాలుగింటికి రిలీవింగ్ ఆర్డరు తీసుకుని వెళ్ళిపోతున్నారు.

వెళ్ళడమంటే పక్క వీధికి కాదు. రెండు రైళ్ళు మారి వెళ్ళాల్సిన ఊళ్ళో ఏదో కాలేజీలో ఉద్యోగం, ఉండటానికి రెండు గదులు. సోమవారం చేరాలి, చేరేటప్పుడు ఇక్కడి రిలీవింగ్ ఆర్డరు చూపించాలి. ఎందుకు వెళ్తున్నారని స్టాఫ్ రూములో ఎవరో అడిగితే, "ఇక్కడ ఉండమనేవాళ్ళు ఎవరున్నారు గనక" అని నవ్వేశారట. ఆ కబురు క్లర్కు టైపిస్టు టేబుల్ దగ్గరికి మోసుకొచ్చి, ఆవిడ టీ కూడా తనే తాగేసి పోయాడు. ఆవిడకు ఆ మాట గుండెలో ముల్లులా దిగబడింది. ఉండమనే మనిషి ఒకతె ఉంది. గోడకు ఇవతలే ఉంది. అడగడానికి నోరు రావడం లేదు, అంతే.

ఆవిడకో అక్క ఉంది. ఇంట్లోనే బట్టలు కుడుతుంది. పెదవుల మధ్య అరడజను గుండుసూదులు పెట్టుకుని కూడా అక్షరం పొల్లుపోకుండా తిట్టగలదు. ఆయనతో చెప్పెయ్యమని నెల రోజులుగా చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతోంది. ఆ పొద్దున చెల్లెలు జంకుతూ జంకుతూ వాక్యం సంగతి చెప్పేసరికి, అక్క మిషను ఆపి సూదులన్నీ ఒక్కొక్కటే తీసి డబ్బాలో వేసింది. అంటే విషయం పెద్దదని అర్థం.

"మనిషికి చెప్పాల్సిన మాట కాగితానికి చెప్తావుటే?"

"కాగితం మీదుంటే ఆయన జాగ్రత్తగా చదువుతారక్కా. ఇంగ్లీషు మాస్టారు కదా."

అక్క ఆవిడ మొహంలోకి కాసేపు చూసి, "సరే, నీ ఇష్టం. నీ వయసుకి ఇంకా కాగితాలేమిటో నాకు తెలీదు," అని మళ్ళీ మిషను తొక్కింది. ఆవిడ వయసు నలభై మూడు. అమ్మ మంచాన పడి ఉన్న పన్నెండేళ్ళలో ఆ వయసులో మంచి భాగం గడిచిపోయింది. దాని గురించి ఆవిడ ఎప్పుడూ ఎవరితోనూ అనలేదు.

ఇక్కడ ఆ అభ్యాసపత్రం తయారయ్యే పద్ధతి చెప్పాలి, ఎందుకంటే కొంప ముంచింది ఆ పద్ధతే. ప్రతి శుక్రవారం ట్యుటోరియల్ పిల్లలకు పది ఇంగ్లీషు వాక్యాలున్న కాగితం ఇస్తారు. వాళ్ళు ఆ పదింటినీ చూసి అలాంటివే మరో పది రాసుకురావాలి. పదకొండేళ్ళ కిందట, మాస్టారు చేరిన మొదటి వారంలో, మూడు వాక్యాలు రాసేసరికి గంట కొట్టారు. ఆయన ఆ చీటీ టైపిస్టు ముందు పెట్టి, కింద "ఇలాంటివి ఇంకో ఏడు" అని గీకి, "మీరే వేసెయ్యండి మేడం" అని క్లాసుకు పరుగెత్తారు. ఆవిడ వేసేసింది. తప్పుల్లేవు. మరుసటి వారం గంట కొట్టకపోయినా ఆయన మూడే రాశారు. అలా పదకొండేళ్ళుగా పదింటిలో మూడు ఆయనవి, ఏడు ఆవిడవి. ఈ సంగతి వాళ్ళిద్దరికి తప్ప మూడో మనిషికి తెలియదు. కాగితం కింద మాత్రం "తయారుచేసినవారు: ఇంగ్లీషు మాస్టారు" అని ఉంటుంది, ఆ పక్కన ఆయన సంతకం ఉంటుంది.

ఆ వారం పాఠం పోల్చే మాటలు, వాటి వెనక 'టు' తగిలించుకుని వచ్చే క్రియలు. టూ-టు, ఎనఫ్-టు, బెటర్ టు-దేన్ టు, ఆ బాపతు. టైపిస్టు గదికీ మాస్టారి క్లాసుకీ మధ్య ఉన్నది చెక్క గోడ. పాఠం మొత్తం ఇటు వినపడుతుంది. ఇంగ్లీషువాడు పని జరిగిందో లేదో నేరుగా చెప్పడర్రా, ముందు కొలుస్తాడు, అని మాస్టారు చెప్పేవారు. టూ అన్నాడంటే కొలత మించిపోయింది, కాబట్టి టు తర్వాత ఉన్న పని జరగదు. ఎనఫ్ అన్నాడంటే కొలత సరిపోయింది, పని జరుగుతుంది. బెటర్ టు అన్నాడంటే రెండు పనుల్ని తూచి ఒకదానివైపు మొగ్గాడన్నమాట. అటు పిల్లలు రాసుకునేవారు. ఇటు టైపిస్టు, తన బతుకంతా మొదటి రకం వాక్యమేనని అనుకునేది. అన్నీ ఉన్నాయి, టు తర్వాత పని మాత్రం జరగదు.

ఆ పొద్దున టేబుల్ మీద ముందురోజు సాయంత్రం మాస్టారు పెట్టి వెళ్ళిన చీటీ సిద్ధంగా ఉంది. ఈ పెట్టె మోయలేనంత బరువు. ఈ నిచ్చెన అటక అందుకునేంత పొడవు. ఆలస్యంగా రావడం కంటే ముందే రావడం మేలు. అవి మాస్టారి మూడు వాక్యాలు, ఏ గొడవా లేనివి. కింద ఎప్పటి మాటే. ఆవిడ ఆ చీటీని కాసేపు అలా చేత్తో పట్టుకుని కూర్చుంది. ఇలాంటి చీటీలు ఆవిడ సొరుగులో ఐదు వందలకు పైగా ఉన్నాయి. ఇది ఆఖరుది. కళ్ళు చెమర్చాయి. తుడుచుకుని టైపు మొదలుపెట్టింది.

ముందు పదో వాక్యమే కొట్టింది. "షీ ఈజ్ టూ టిమిడ్ టు ఆస్క్ హిమ్ టు స్టే." అతన్ని ఉండమని అడిగే ధైర్యం ఆమెకు లేదు. కొట్టి, చెరిపేసింది. మళ్ళీ కొట్టి, మళ్ళీ చెరిపింది. మూడోసారి కొట్టి, చెయ్యి దూరంగా తీసేసుకుంది. మనసంతా ఆ ఒక్కదాని మీదే ఉంది గనక, మధ్యలో ఉండాల్సిన ఆరింటి గురించి ఆవిడ అసలు ఆలోచించలేదు. ఎటు చూపు పోతే అది రాసింది. కిటికీలోంచి నీళ్ళ ట్యాంకు కనపడింది. ట్యాంకు మూత మూయలేనంత బరువు. గోడ మీద లెక్కల మాస్టారు రాసిన టైంటేబుల్ కనపడింది. లెక్కల మాస్టారు చదవలేనంత చిన్న అక్షరాలు రాస్తారు. ఎదురు కుర్చీలో క్లర్కు ఉన్నాడు. క్లర్కు కళ్ళు తెరిచి నిద్రపోగలిగేంత తెలివైనవాడు. ప్రిన్సిపాల్ గది బయట నిన్నటి నుంచి కూర్చున్న ముగ్గురు తల్లిదండ్రులు కనపడ్డారు. ప్రిన్సిపాల్‌ని కలవడం కంటే మంత్రిని కలవడం సులువు. వెనక మెట్లు దిగలేనంత చీకటిగా ఉన్నాయి. పిల్లి ఎలకను చూసి కూడా లేవలేనంత బద్ధకంగా ఉంది.

పిల్లి నిజంగా పిల్లే. కిటికీ గట్టు మీద పడుకుని ఉంది. దీన్ని పాఠకులు గుర్తు పెట్టుకోవాలి, ఎందుకంటే ఆ రోజు ఆ భవనంలో ఇంకెవరూ ఈ మాట నమ్మలేదు.

ఎనిమిదిన్నరకు మాస్టారు వచ్చారు. ఇస్త్రీ చొక్కా, చేతిలో గొడుగు, మొహంలో ప్రయాణం హడావుడి. టైపిస్టు కాగితం అందించింది. పదో వాక్యానికీ సంతకం చెయ్యాల్సిన చోటుకీ మధ్య ఒక్క వేలెడు జాగా ఉంది. చూపు అటు వెళ్ళకుండా సంతకం పెట్టడం కష్టం. మాస్టారు జేబులోంచి పెన్ను తీసి, కిటికీవైపు చూస్తూ సంతకం పెట్టేశారు.

"చదవరా మాస్టారూ?" అంది ఆవిడ.

"మీరు టైపు చేశాక చూసేదేముంది మేడం. ఇన్నేళ్ళలో ఒక్కసారి చూశానా?"

ఇంతకన్నా పెద్ద మెచ్చుకోలు ఆ భవనంలో ఎవరూ ఎవరికీ ఇచ్చి ఉండరు. ఆవిడ ప్రాణం మాత్రం ఉసూరుమంది. అంటే, క్లాసులో పంచాకైనా చదువుతారనుకుంటూ పదకొండేళ్ళుగా తాను ఏరి కూర్చిన ఏడేసి వాక్యాల్లో ఒక్కటి కూడా ఆయన చూడలేదు. వానల మీద రాసింది, రైళ్ళ మీద రాసింది, ఒక్కడే కూర్చుని అన్నం తినే మనిషి మీద ఒకసారి రాసింది. అన్నీ పిల్లల పాలయ్యాయి. కాగితం వెనక్కి ఇప్పించండి, ఒక తప్పుంది, అందామని నోరు తెరిచేలోగా క్లర్కు వచ్చి లాక్కుపోయాడు. తొమ్మిదింటికి రెండొందల నకళ్ళు పంచారు. ఒకటి నోటీసు బోర్డుకు అంటించారు. ఇంకొకటి ఫోటో తీసి తల్లిదండ్రుల ఫోన్ గ్రూపులో పెట్టారు. అదీ అక్కడి పద్ధతే.

మొదటి ఫోన్ తొమ్మిదీ ఇరవైకి మోగింది. మీ ట్యాంకుకు మూత లేదట కదా, అని ఒక తల్లి. ఉందమ్మా, బరువుగా ఉండి వెయ్యలేదంతే, అని క్లర్కు జవాబు. అతను నిజం చెప్పి కొంపలు ముంచే రకం. పావుగంటలో గ్రూపులో ఆ నీళ్ళు తాగిన పిల్లల కడుపునొప్పుల జాబితా తయారైంది. అందులో ఆ రోజు బడికే రాని పిల్లలు ఇద్దరున్నారు. పదిన్నరకు ఒక తండ్రి స్వయంగా దిగారు. ఆయన నీటి సరఫరా శాఖలో అధికారి. నిచ్చెన వేయించి ట్యాంకు ఎక్కి చూసి, కుళాయిలన్నీ కట్టేయించి, మరుగుదొడ్ల తలుపులకు వాడరాదని ఎర్ర కాగితం అంటించారు. తాగడానికి నీళ్ళు లేవు, చేతులు కడుక్కోవడానికి లేవు, మిగతా అవసరాల సంగతి చెప్పనక్కర్లేదు. పిల్లలు మాత్రం పండగ చేసుకున్నారు.

ఈలోగా లెక్కల మాస్టారు నోటీసు బోర్డు ముందు నిలబడి ఐదో వాక్యం మూడుసార్లు చదివారు. చిన్న అక్షరాలా, సరే చూడండి, అని నేరుగా క్లాసుకు వెళ్ళి, సుద్దముక్క అడ్డంగా పట్టుకుని ఏడు అంకె రాశారు. బోర్డు నిండిపోయింది. కూడిక గుర్తు వెయ్యడానికి పక్క క్లాసులోంచి ఇంకో బోర్డు తెప్పించారు. సమానం గుర్తు దగ్గరికి వచ్చేసరికి భవనంలో బోర్డులన్నీ అయిపోయాయి, మిగతా క్లాసులన్నీ ఆగిపోయాయి. లెక్కకు జవాబు ఆ రోజు ఎవరికీ తెలియలేదు.

క్లర్కు మాత్రం తన వాక్యాన్ని గొప్ప ప్రశంసగా తీసుకున్నాడు. తెలివైనవాడన్నారు, ముద్రించి మరీ అన్నారు, అని రెండు నకళ్ళు మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఒకటి ఇంట్లో చూపించడానికట, రెండోది అత్తవారింటికట.

అసలు తలనొప్పి పిల్లితో వచ్చింది. ఎలకను చూసి కూడా లేవలేని పిల్లి ఎవరు, అన్న చర్చ స్టాఫ్ రూములో మొదలైంది. పదకొండింటికి సైన్సు మేడం వచ్చి ఆ పిల్లి తానేనని, ఇది పరువుకు సంబంధించిన విషయమని లిఖితపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చింది. ఆవిడ వెనకే వాచ్‌మన్ వచ్చాడు. మొన్న గేటు దగ్గర పందికొక్కు తిరిగినప్పుడు కుర్చీలోంచి లేవనిది తను గనక, పిల్లి తనేనని వాదించాడు. ఇద్దరూ కాసేపు నేనంటే నేనని గొడవపడ్డారు. మధ్యాహ్నానికి లైబ్రరీ చూసుకునే పెద్దాయన కూడా వచ్చి, అందరికంటే ముందు నుంచీ కుర్చీలోంచి లేవనివాణ్ణి నేనే కదా అని బాధపడ్డారు. అది మామూలు పిల్లండీ, కిటికీలో పడుకుంటుంది చూడండి, అని టైపిస్టు చెప్పబోయింది. వాళ్ళు కిటికీవైపు చూశారు. గట్టు ఖాళీగా ఉంది. ఇంత గోలలో పిల్లి మాత్రం ఎందుకుంటుంది.

ప్రిన్సిపాల్‌కు ఈ భోగట్టా అంతా చాలా ఆలస్యంగా తెలిసింది. ఆయన్ని కలవడం ఎంత కష్టమో ఏడో వాక్యంలో రాసే ఉంది. గ్రూపులో ఆ వాక్యం కింద నూట అరవై మంది తల్లిదండ్రులు బొటనవేళ్ళు పెట్టారని తెలిసి ఆయన అగ్గి మీద గుగ్గిలమయ్యారు. నిజానిజాలు నేనే తేలుస్తాను, మెట్లు చీకటిగా ఉన్నాయా, పదండి చూద్దాం, అని ఒంటరిగా వెనక మెట్లు దిగడానికి బయల్దేరారు. నాలుగో మెట్టు దాకా ఆయన గొంతు వినపడింది. ఐదో మెట్టు దగ్గర ఇంకేదో వినపడింది. మెట్లు చీకటిగానే ఉన్నాయని ఆ విధంగా తేలిపోయింది.

మూడింటికి ప్రిన్సిపాల్ గదిలో విచారణ మొదలైంది. ఆయన చీలమండకు కట్టు కట్టించుకుని కాలు స్టూలు మీద పెట్టుకున్నారు. గోడవారగా లెక్కల మాస్టారు, అధికారి తండ్రి, క్లర్కు, ముగ్గురు పిల్లులు కూర్చున్నారు. జరిగినదంతా రాసుకోవాల్సింది టైపిస్టే గనక ఆవిడ మూల కుర్చీలో నోటుపుస్తకంతో కూర్చుంది. పొద్దుటినుంచి ఆవిడకు మింగుడుపడని సంగతి ఒకటే. మనసుపెట్టకుండా రాసిన ఆరు వాక్యాలు భవనాన్ని కిందామీదా చేసేశాయి. ప్రాణం పెట్టి రాసిన ఒక్కదాన్ని ఎవరూ పట్టించుకోలేదు. రెండొందల కాగితాలు, నూట అరవై ఫోన్లు, ఒక నోటీసు బోర్డు. ఒక్కరైనా, ఈ 'ఆమె' ఎవరు అనలేదు. పిల్లికి ముగ్గురు వచ్చారు గానీ ఆమెకు ఎవరూ రాలేదు.

మాస్టారు గొడుగుతో సహా వచ్చి నిలబడ్డారు. పొద్దుటినుంచి సామాన్లు సర్దుకుంటూ ఉన్నారాయన. సంగతేమిటో సగమే తెలుసు. ఈ పది వాక్యాలూ రాసిందెవరు అని ప్రిన్సిపాల్ అడిగారు. మాస్టారు ఒక్క క్షణం మూలకు చూశారు. టైపిస్టు పెన్ను కింద పెట్టి లేవబోతోంది.

"నేనే సార్. పదీ నేనే."

"కాదు సార్," అని టైపిస్టు లేచి నిలబడింది. "మొదటి మూడూ వారివి. మిగతా ఏడూ నావి."

ఆ గదిలో ఆవిడ గొంతు అంత గట్టిగా ఎవరూ విని ఉండరు. అందరూ తిరిగి చూశారు. ప్రిన్సిపాల్ కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, మేడం, మీరు మంచివారని అందరికీ తెలుసు, వెళ్ళిపోయే మనిషిని కాపాడాలని చూడటం సహజం, కానీ మీరు రాయాల్సింది మినిట్సు, కూర్చోండి, అన్నారు. పదకొండేళ్ళలో చాక్‌పీసు డబ్బా కావాలని కూడా నోరు తెరవని మనిషి నన్ను మంత్రితో పోలుస్తుందా, అని పక్కకు తిరిగి నవ్వారు. లెక్కల మాస్టారు కూడా నవ్వారు. నమ్మింది ఒక్క క్లర్కే. తనను తెలివైనవాడన్నది ఆవిడేనా అని తెగ సంబరపడిపోయాడు. క్లర్కు నమ్మకాన్ని లెక్కలోకి తీసుకునే అలవాటు అక్కడ లేదు. ఆవిడ కూర్చుంది. జీవితంలో ఒక్కసారి నిజం చెప్తే దాన్ని మంచితనం కింద కొట్టేశారు.

ఒక్కొక్కటే చదివి వివరణ ఇవ్వండి, అని ప్రిన్సిపాల్ కాగితం మాస్టారి చేతికిచ్చారు. పదకొండేళ్ళలో మొదటిసారి మాస్టారు తన పేరుతో వచ్చిన కాగితం చదవడం మొదలుపెట్టారు. ట్యాంకు దగ్గర కాస్త నవ్వొచ్చింది. చిన్న అక్షరాల దగ్గర దగ్గు తెచ్చుకుని నవ్వు దాచారు. మంత్రి దగ్గర దగ్గు సరిపోక కిటికీవైపు తిరగాల్సి వచ్చింది. పిల్లి దగ్గర ముగ్గురూ ముందుకు వంగారు. ఆయన ప్రతి వాక్యానికీ, వ్యాకరణం సరిగ్గా ఉంది సార్, అనే వివరణ ఇస్తూ వచ్చారు. పదో వాక్యానికి వచ్చారు.

"షీ ఈజ్ టూ టిమిడ్..." అని మొదలుపెట్టి ఆగారు. మిగతాది లోపలే చదువుకున్నారు. మళ్ళీ మొదటినుంచి చదువుకున్నారు. క్లర్కును వదిలేస్తే, ఆ గదిలో పది వాక్యాల్లో ఏవి ఎవరివో తెలిసిన మనుషులు ఇద్దరే. వారిలో ఒకరు మూలన తల వంచుకుని, ఖాళీ పేజీ మీద అదే పనిగా గీతలు గీస్తున్నారు. మాస్టారి చెవులు ఎర్రబడ్డాయి. గొడుగు చేతిలోంచి జారి కింద పడింది. ఆయన తీసుకోలేదు.

"దానికి వివరణ?" అన్నారు ప్రిన్సిపాల్.

"దీనికి కొంచెం టైము కావాలి సార్."

"మీరు రాసిందేగా?"

"ఇప్పుడే చదివాను సార్."

ప్రిన్సిపాల్‌కు ఇది పొగరుగా తోచింది. కాలు నొప్పి కూడా అప్పుడే కలుక్కుమంది. ఆయన సర్వీసు నిబంధనల పుస్తకం తెప్పించి, వేలితో వెతికి, గొంతు సవరించుకుని చదివారు. ఫిర్యాదు విచారణలో ఉన్న ఉద్యోగిని, విచారణ నివేదిక టైపు అయి, సంతకాలు పూర్తయ్యేవరకు రిలీవ్ చెయ్యరాదు. కాబట్టి ఈ రోజు ఆర్డరు లేదు. సోమవారం లేదు. ఫిర్యాదుదారులందరి వాంగ్మూలాలతో, పిల్లులతో సహా, నివేదిక పూర్తిగా తయారై తన టేబుల్ మీదకు వచ్చినరోజే ఆర్డరు. ఇది మీకు శిక్ష, బాగా గుర్తుపెట్టుకోండి, అన్నారు. మాస్టారు తల ఊపారు. శిక్ష పడ్డ మనిషి మొహం ఎలా ఉండాలో ఆయనకు ఎంత ప్రయత్నించినా గుర్తు రాలేదు.

నాలుగింటికి భవనం ఖాళీ అయింది. నీళ్ళు లేని చోట ఎవరుంటారు. టైపిస్టు తన గదిలో కూర్చుని ఉంది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది. మాస్టారు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. ఎప్పుడూ టేబుల్ దాకా వచ్చేసే మనిషి గుమ్మంలోనే ఆగిపోయారు.

"ఇన్ని కాగితాల మీద సంతకాలు పెట్టాను," అన్నారు చివరికి. "ఒక్కటన్నా చదివి ఉండాల్సింది."

"చదువుతారనే రాసేదాన్ని."

"అన్నీనా?"

"అన్నీ కాదు. పెన్సిళ్ళ మీద రాసినవి వదిలెయ్యండి."

ఆయన నవ్వబోయి మానేశారు. గోడ అవతలి క్లాసువైపు చూశారు. ఆ క్లాసులో పాఠం అయ్యాక తాను ఒక్కడే కూర్చుని ఉండేవాడినని, ఇవతల టైపు చప్పుడు ఆగేదాకా లేచేవాడిని కాదని, అది ఎందుకో తనను తాను ఎప్పుడూ అడగలేదని చెప్పారు. సెలవురోజుల్లో ఇంట్లో ఆ చప్పుడు లేక ఏమీ తోచేది కాదట. అక్కడి రెండు గదుల్లో ఆ చప్పుడు ఉండదని నెల రోజులుగా అనుకుంటూనే సామాన్లు సర్దుకున్నారట. ఆవిడ వింటూ కూర్చుంది. పదకొండేళ్ళుగా వినాలనుకున్నది ఇదే.

"విచారణ ఎన్నాళ్ళు పడుతుందంటారు?" అని అడిగారు మాస్టారు. "ప్రిన్సిపాల్ గారు ఆపారు గనక ఆగాను. అది వేరు. మీరేమంటారో నాకు తెలియాలి."

ఆవిడ లేచి నిలబడింది. టేబుల్ అంచు గట్టిగా పట్టుకుంది. కాగితం లేదు, పెన్ను లేదు. అక్క గుర్తొచ్చింది.

"వెళ్ళకండి," అంది తెలుగులోనే. "ఉండండి. నా కోసం."

మాస్టారు వచ్చి ఎదురు కుర్చీలో, క్లర్కు రోజూ కళ్ళు తెరిచి నిద్రపోయే కుర్చీలో, కూర్చున్నారు. ఇక తొందర లేదని ఇద్దరికీ తెలిసింది.

సోమవారం నాడు రెండు రైళ్ళ అవతల ఆ కాలేజీలో ఎవరో వేరే ఆయన చేరారు. ఈ ట్యుటోరియల్‌లో ట్యాంకుకు తేలికపాటి మూత వచ్చింది, వెనక మెట్లకు రెండు దీపాలు వచ్చాయి. ప్రిన్సిపాల్ కాలు నయమైంది. లెక్కల మాస్టారి అక్షరాలు ఒక మోస్తరు పరిమాణానికి దిగొచ్చాయి. అభ్యాసపత్రాలు ఇప్పుడు ఇద్దరూ ఒకే ఇంట్లో, ఒకే బల్ల దగ్గర కూర్చుని తయారుచేస్తారు, అక్క పక్కనే మిషను తొక్కుతూ ఇద్దర్నీ కలిపి తిడుతుంటుంది. తప్పు చేసినవాణ్ణి వదిలే ప్రసక్తే లేదని, నివేదిక అందిన మరుక్షణం మాస్టారిని సాగనంపుతానని ప్రిన్సిపాల్ ఇప్పటికీ అందరితో అంటారు. ప్రతి సోమవారం టైపిస్టును పిలిచి ఎంతవరకు వచ్చిందని అడుగుతారు. జరుగుతోంది సార్, అని ఆవిడ వినయంగా చెప్తుంది.

మొన్నటితో మూడేళ్ళు నిండాయి, నివేదిక రెండో పేజీలో ఉంది.